మోక్సి అలేసి, బారా: సురినామ్ వంట కోనసీమ సరుకుతో

సురినామ్ వంట చేయాలంటే కోనసీమలో కొత్తగా కొనాల్సింది దాదాపు ఏమీ ఉండదు. కొబ్బరికాయలు పెరట్లో ఉన్నాయి. బొబ్బర్లు, మినప్పప్పు డబ్బాల్లో ఉన్నాయి. ఎండురొయ్యలు, ఉప్పుచేప సంతలో దొరుకుతాయి. నూతి పక్కన చేమ మొక్క ఉండనే ఉంది. చిక్కంతా అక్కడే. సరుకు మనదే కావడంతో చెయ్యి దాని అలవాటున అది పోతుంది. కొబ్బరిపాలు కనబడగానే జీడిపప్పు, కరివేపాకు పోపు పడిపోతుంది. మినప్పిండి కనబడగానే అల్లం, ఉల్లిపాయ పడిపోతాయి. చివరికి మోక్సి అలేసి అనే సురినామ్ కలగలుపు అన్నం కొబ్బరన్నమై కూర్చుంటుంది, బారా అనే వాళ్ళ మినప వడ గారె అయిపోతుంది. తినడానికి అవీ బాగానే ఉంటాయి కానీ సురినామ్ వంట అనిపించుకోవు. కాబట్టి ఏం వేయాలో చెప్పినంత గట్టిగా, ఏం వేయకూడదో కూడా కింద చెబుతున్నాం.

ముందు ఆ దేశం గురించి రెండు ముక్కలు. దక్షిణ అమెరికా ఈశాన్య తీరాన, బ్రెజిల్‌కు ఉత్తరాన ఉంది సురినామ్. ఆ ఖండంలో అదే అతి చిన్న స్వతంత్ర దేశం. చిన్నదన్నా విస్తీర్ణంలో ఇంచుమించు మన ఆంధ్రప్రదేశ్ అంత, సుమారు 1,63,000 చదరపు కిలోమీటర్లు. జనం మాత్రం 6 లక్షల పైచిలుకే. లోపలంతా అడవి, మనుషులంతా తీరం వెంబడి, రాజధాని పరమారిబో చుట్టూ. 1667లో డచ్చివాళ్ళ చేతికి వచ్చి, 1975 నవంబరు 25న స్వతంత్రమైంది. ఈ డచ్చివాళ్ళు గోదావరి వాళ్ళకు కొత్తకాదు. పాలకొల్లులో, ద్రాక్షారామంలో, కాకినాడ జగన్నాథపురంలో వ్యాపారం చేసినవాళ్ళే. నరసాపురం వలందర రేవు పేరులో ఉన్నది ఆ హాలండు వాళ్ళే. ఇక్కడ బట్ట కొన్నారు. అక్కడ చెరకు తోటలు వేసి, వాటిలో చాకిరీకి ఆఫ్రికా నుంచి మనుషుల్ని కొని తెచ్చుకున్నారు. 1863 జూలై 1న బానిసత్వం రద్దయినా, మరో పదేళ్ళు తోటల్లోనే పని చేయాలని చట్టం పెట్టారు. ఆ గడువు తీరే 1873లోనే కలకత్తా నుంచి కూలీల ఓడలు మొదలయ్యాయి. 1890 నుంచి జావా కూలీలు వచ్చారు. అందుకే సురినామ్ వంటిల్లు ఒకటి కాదు. మోక్సి అలేసి ఆఫ్రికా సంతతి క్రియోల్ వాళ్ళది, బారా భోజ్‌పురి వాళ్ళది. ఇప్పుడు రెండూ అందరివీ.

మోక్సి అలేసి

సురినామ్ జనం మాట్లాడే స్రానాన్ భాషలో మోక్సి అంటే కలిపినది, అలేసి అంటే బియ్యం, అన్నం. డచ్చివాళ్ళకు ముందు 1651 నుంచి కొద్ది ఏళ్ళే ఇంగ్లీషువాళ్ళు అక్కడ ఉన్నారు, అయినా ఆ భాషకు పునాది మాటలు వాళ్ళవే మిగిలాయి. మిక్స్ మోక్సి అయింది, రైస్ అలేసి అయింది.

నలుగురికి కావాల్సినవి: పాత బియ్యం 2 గ్లాసులు (పావు లీటరు గ్లాసు, రెండూ కలిపి 400 గ్రాములు), బొబ్బర్లు అర గ్లాసు, ముదురు కొబ్బరికాయ 1, ఉప్పుచేప 150 గ్రాములు, ఎండురొయ్యలు గుప్పెడు, పెద్ద ఉల్లిపాయ 1, వెల్లుల్లి 4 రెబ్బలు, టమాటా 1, మిరియాల పొడి అర చెంచా, తొడిమతో ఉన్న పచ్చిమిరపకాయ 1, సెలెరీ దొరికితే దాని ఆకు రెండు రెమ్మలు, నూనె 2 పెద్ద చెంచాలు.

బొబ్బర్లు ఐదు గంటలు నాననివ్వండి. తాగే నీళ్ళతోనే నానబెట్టి, వాటితోనే ఉడికించాలి. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువగా ఉన్న ఊళ్ళలో బొబ్బరి గంట ఉడికినా పలుకుగానే ఉంటుంది, ఆ సున్నం గింజ పొట్టును బిగబట్టేస్తుంది. టమాటా గానీ చింతపండు గానీ ఈ దశలో వేయకూడదు, పులుపు కూడా అదే పని చేస్తుంది. మూతపెట్టని గిన్నెలో పాతిక నుంచి ముప్పై నిమిషాలు ఉడికించి, ఒక గింజ వేళ్ళ మధ్య నొక్కి చూడండి. పైన మెత్తగా, నడుమ కొంచెం పిండిలా తగలాలి. పూర్తిగా మెత్తబడే దాకా ఉంచితే తరవాత బియ్యంలో పగిలిపోయి పప్పన్నం అవుతుంది. ఉడికిన నీళ్ళు పారబోయొద్దు, ఒక గ్లాసు కొలిచి పక్కన పెట్టండి. అన్నానికి లేత గోధుమ రంగు వచ్చేది వాటితోనే.

సురినామ్‌లో దీనికి ఉప్పు పట్టించిన గొడ్డు మాంసం గానీ, బక్కెల్‌యావ్ అనే ఉప్పు కాడ్ చేప గానీ వాడతారు. తోటల కాలంలో బానిసలకు రేషనుగా ఇచ్చినది నిలవ ఉండే ఉప్పు సరుకే, రుచి అలా నిలిచిపోయింది. మనకు ఉప్పు వంజరం ముక్క సరిగ్గా సరిపోతుంది. రెండు గంటలు నానబెట్టి, మధ్యలో రెండుసార్లు నీళ్ళు మార్చండి. తరవాత ఐదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి, చిన్న ముక్క నోట్లో వేసుకోండి. కూరలో ముక్కకు ఉన్నంత ఉప్పు తగిలితే చాలు. ఇంకా కరకరలాడే ఉప్పు ఉంటే మళ్ళీ నానబెట్టాలి. ముల్లు తీసి పెద్ద పీచులుగా విడదీయండి.

ఎండురొయ్యల్ని అక్కడ సరసర అంటారు. నూనె లేకుండా పెనం మీద రెండు నిమిషాలు వేయించి, చల్లారాక గరుకు గుడ్డలో నలిపి, చేటలో చెరగండి. తలా తోకా పొట్టుగా లేచిపోతాయి. ఆ తరవాత రెండు నీళ్ళలో కడిగితే ఇసుక దిగిపోతుంది. కడగడం ముందు, వేయించడం తరవాత పెట్టుకుంటే తలలు ఊడవు. రంగు ఎర్రబడే దాకా వేయిస్తే చేదు వస్తుంది, ఆ చేదు కుండ మొత్తానికీ ఎక్కుతుంది.

కొబ్బరికాయ ముదురుదే ఉండాలి. లేతకాయలో నీళ్ళు తప్ప వెన్న ఉండదు. కోరు తీసి, ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్ళు పోసి గుడ్డలో పిండితే తొలిపాలు. అదే పిప్పికి రెండు గ్లాసులు పోసి పిండితే మలిపాలు. ఇప్పుడు లెక్క: బొబ్బర్ల నీళ్ళు 1, మలిపాలు 2, తొలిపాలు 1, మొత్తం నాలుగు గ్లాసులు. పాత బియ్యానికి ఇది సరి. కొత్త బియ్యమైతే బొబ్బర్ల నీళ్ళు పావు గ్లాసుకు తగ్గించండి, లేకపోతే ముద్దవుతుంది. బాస్మతి వద్దు, దాని వాసన ఉప్పుచేపతో పోట్లాడుతుంది. పాత సోనా, పాత స్వర్ణ రెండూ బాగుంటాయి.

మందపాటి అడుగున్న గిన్నెలో నూనె కాగాక ఉల్లిపాయ వేసి, ఎర్రబడకుండా మెత్తబడే వరకే ఉంచండి. వెల్లుల్లి, టమాటా, చేప, రొయ్యలు, మిరియాల పొడి వేసి నాలుగు నిమిషాలు మగ్గించండి. కడిగి వార్చిన బియ్యం వేసి నిమిషం తిప్పి, బొబ్బర్లు, వాటి నీళ్ళు, మలిపాలు పోయాలి. ఉప్పు వేసే ముందు ఆ నీళ్ళు రుచి చూడండి. చాలాసార్లు అసలు వేయనక్కరలేదు. మొదట పెద్ద సెగ, మరిగాక మధ్య సెగ. నీళ్ళు బియ్యం మట్టానికి దిగి, పైన చిన్న చిన్న గుంటలు పడి బుడగలు వస్తుంటాయి, అప్పుడు తొలిపాలు పోయండి. గరిటెతో అడుగు నుంచి ఒక్కసారి తిప్పి, పైన మిరపకాయ, సెలెరీ పెట్టి మూత వేయండి. సెగ పూర్తిగా తగ్గించి పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. దించాక పది నిమిషాలు మూత తీయొద్దు.

తొలిపాలు మొదట్లోనే ఎందుకు పోయకూడదంటే, చిక్కటి పాలలోని గసి అడుగుకు దిగి మాడుతుంది. పైన బియ్యం పలుకుగా ఉండగానే అడుగంటిన వాసన వస్తుంది. అలా అయితే గీకకండి, పైభాగాన్ని మెల్లగా వేరే గిన్నెలోకి తీసి, అరగ్లాసు వేడినీళ్ళు చిలకరించి సన్నసెగ మీద పెట్టండి. కుక్కర్‌లో ఈ వంట వద్దు. ఒత్తిడికి కొబ్బరిపాలు విరిగి గడ్డలు కడతాయి, మిరపకాయ పగులుతుంది.

మిరపకాయ సంగతి. అక్కడ వేసేది మదామ్ జానెట్ అనే పసుపుపచ్చ కాయ, హాబనేరో అనే మహా కారపు మిరపకు తోబుట్టువు. కారం భయంకరం, వాసన మాత్రం పండు వాసన. అందుకే కోయకుండా, చీల్చకుండా నిండుకాయను అన్నం మీద పెట్టి, ఆవిరిలో వాసన దింపి, వడ్డించే ముందు తీసేస్తారు. కాయ పగిలిందా, ఇంటిల్లిపాదీ నీళ్ళ బిందె దగ్గరే. మన పచ్చిమిరపకాయ వేరే జాతి, ఆ పండు వాసన దానికి రాదు. అయినా కాయను నిండుగానే పెట్టండి. ఆ జాతి విత్తనం ఎక్కడైనా దొరికితే కుండీలో వేసుకోవచ్చు, మొలకెత్తడానికి మాత్రం రెండు మూడు వారాలు ఓపిక పట్టాలి.

పోపు, పసుపు, కరివేపాకు, కొత్తిమీర, గరం మసాలా: ఏదీ వద్దు. కొబ్బరి తీపి, ఉప్పుచేప వాసన, మిరియం ఘాటు, ఈ మూడే వినబడాలి. పక్కన వేయించిన అరటి పెడతారు, బకబానా అంటారు. తొక్క నల్లమచ్చలు పడేదాకా పండిన బొంత అరటిని నిలువుగా మూడు ముక్కలు కోసి నూనెలో ఎర్రగా వేయించడమే. కర్పూరమో చక్కరకేళో వేస్తే నూనెలో కరిగిపోతాయి.

అలేసి గురించి ఒక మాట. తోటల నుంచి తప్పించుకుని అడవిలో ఊళ్ళు కట్టుకున్నవాళ్ళను మరూన్లు అంటారు. వాళ్ళను లొంగదీయలేక డచ్చివాళ్ళు 1760లో న్‌జుకా తెగతో, 1762లో సరమాకా తెగతో ఒప్పందాలు చేసుకోవలసి వచ్చింది. పారిపోయే ఆడవాళ్ళు వడ్లగింజల్ని జడల్లో దాచి తెచ్చారని మరూన్ ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు, సరమాకా వాళ్ళు పాంజా అనే ఆవిడ పేరు చెబుతారు. మనం పండించే ఆసియా వరితో పాటు, ఆఫ్రికా జాతి వరి కూడా వాళ్ళ పొలాల్లో మిగిలి ఉంది. మనం వరి రకాన్ని నంబరుతో పిలుస్తాం, మార్టేరు నుంచి వచ్చిన స్వర్ణను 7029 అంటాం. వాళ్ళు కొన్ని రకాలకు ఆ తెచ్చిన ముత్తవ్వల పేర్లే పెట్టుకున్నారు.

ఉప్పుచేప మిగిలితే హెరి హెరి చేయండి. కర్రపెండలం, చిలగడదుంప, పచ్చి బొంత అరటికాయ విడివిడిగా ఉడికించి, చేపను ఉల్లిపాయతో వేయించి పక్కన పెట్టడమే. బానిసత్వం రద్దయిన రోజు, కెటి కోటి నాడు తినే తిండి ఇది. కర్రపెండలం తొక్క మందంగా తీసి, మూత లేకుండా ఉడికించి, ఆ నీళ్ళు పారబోయాలి.

బారా

కూలీల మొదటి ఓడ లల్లా రూఖ్, దాదాపు 400 మందితో 1873 ఫిబ్రవరిలో కలకత్తాలో బయల్దేరి జూన్ 5న పరమారిబో చేరింది. 1916 వరకు 64 ఓడల్లో సుమారు 34,000 మంది వెళ్ళారు. ఐదేళ్ళ ఒప్పందం కాబట్టి తమను తాము కంట్రాకి అని చెప్పుకున్నారు. వాళ్ళలో తెలుగువాళ్ళు ఎక్కువమంది ఉంటారని ఇక్కడ కొందరు అనుకుంటారు. కోరంగి, కాకినాడ నుంచి మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళింది బర్మాకు, మారిషస్‌కు. సురినామ్ వెళ్ళినవాళ్ళలో అత్యధికులు ఇప్పటి ఉత్తరప్రదేశ్, బీహార్ వాళ్ళు. వాళ్ళ బారా, మన వడ మాట రెండూ ఒకే సంస్కృత పదం పిల్లలు. వాళ్ళ బారాకు నడుమ చిల్లు కూడా ఉంటుంది. అక్కడితో పోలిక ఆగుతుంది, ఎందుకంటే బారా పొంగేది రుబ్బుడుతో కాదు, ఈస్టుతో.

పాతిక బారాలకు: మినప్పిండి పావు కిలో, మైదా 125 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్టు 1 చిన్న చెంచా, పంచదార 1 చెంచా, ఉప్పు ఒకటిన్నర చెంచా, పసుపు అర చెంచా, జీలకర్ర ఒకటిన్నర చెంచా, వెల్లుల్లి 6 రెబ్బలు, పచ్చిమిర్చి 3, చేమాకులు 8, చింతపండు చిన్న ఉండ, వేయించడానికి నూనె. అల్లం, ఉల్లిపాయ వేయకండి. మినప్పిండి దుకాణంలో దొరికే పొడి పిండి. పప్పు నానబెట్టి రుబ్బాలంటే పావు కిలో పప్పును నీళ్ళు చిలకరించుకుంటూ గట్టిగా రుబ్బి, ఈస్టు కలపడానికి రెండు మూడు చెంచాల నీళ్ళు తప్ప పైన ఇంకేమీ పోయకూడదు. జారు పిండైతే ఈస్టు పొంగినా చేతిలో నిలవదు.

చేమాకు దగ్గరే అసలు పని. సురినామ్‌లో తాయెర్ ఆకు వేస్తారు, అది మన చేమకు దగ్గరి చుట్టం. రెంటిలోనూ సూదుల్లాంటి సన్నని స్ఫటికాలు ఉంటాయి, గొంతు దురద వాటివల్లే. బారా నూనెలో ఉండేది నాలుగు నిమిషాలు, ఆ కాస్త వేడికి ఆకు దురద చావదు. అందుకని కూరకు పెంచే చేమ మొక్క లేత ఆకులే కోయండి, కాలవగట్టున దానంతట అది మొలిచిన చేమ ముట్టుకోవద్దు. కాడ, నడి ఈనె తీసేసి, చేతులకు నూనె రాసుకుని సన్నగా తరగండి. చింతపండు వేసిన నీళ్ళలో పది నిమిషాలు ఉడికించి, వార్చి, గట్టిగా పిండండి. పిండని ఆకు పిండిని జారు చేస్తుంది. నాలుక చివర చిన్న ముక్క పెట్టి నిమిషం ఆగి చూడండి, చురుక్కుమంటే మరో ఐదు నిమిషాలు ఉడకాలి. దురద భయం ఉన్నవాళ్ళు తోటకూర వేసుకోవచ్చు, రుచి కొంత తగ్గుతుంది, అంతే.

ఈస్టును పంచదారతో పావు గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో కలిపి పది నిమిషాలు ఉంచండి. నురగ కట్టకపోతే ఈస్టు చచ్చినట్టే, ఆ నీళ్ళతో పిండి కలపొద్దు. వేలికి చుర్రుమనే నీళ్ళు పోస్తే బతికున్నదీ చస్తుంది. పిండ్లు, ఉప్పు, పసుపు, జీలకర్ర, నూరిన వెల్లుల్లి మిర్చి, ఆకు కలిపి, ఈస్టు నీళ్ళు పోసి, ఇంకో గ్లాసు నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ కలపండి. గరిటె ఎత్తితే ముద్దగా, బరువుగా జారి పడాలి. తడిగుడ్డ కప్పండి. మే నెలలో ముప్పావు గంటకే రెట్టింపు అవుతుంది, సంక్రాంతి చలిలో గంటన్నర పడుతుంది. అంతకు మించి వదిలేస్తే పుల్లబడి, నూనె తాగుతుంది.

పొంగిన పిండిని మళ్ళీ గట్టిగా కలపకండి, గాలి పోతుంది. చెయ్యి తడుపుకుని నిమ్మకాయంత ముద్ద తీసి, తడిపిన అరటాకు మీద అరంగుళం మందాన తట్టి, నడుమ వేలితో చిల్లు పెట్టండి. చిల్లు వెడల్పుగా పెట్టాలి, ఈస్టు పిండి నూనెలో ఉబ్బి సన్న చిల్లును మూసేస్తుంది. అరటాకును అరచేతిలోకి బోర్లించి, బారాను మెల్లగా నూనెలోకి జార్చండి. నూనె మధ్యస్థంగా కాగాలి. చిటికెడు పిండి వేస్తే అడుగుకు దిగి, రెండు మూడు క్షణాలకు తేలాలి. వేయగానే తేలిందంటే నూనె ఎక్కువ కాగినట్టు, అప్పుడు పైన ఎర్రబడి లోపల పచ్చిగా ఉంటుంది. వైపుకు రెండు నిమిషాల చొప్పున, బంగారు రంగు రాగానే తీయండి. కరకరలాడాలని ఎదురుచూడొద్దు. బారా మెత్తగా, చల్లారినా రొట్టెలా సాగేలా ఉంటుంది.

కొబ్బరి పచ్చడి జోలికి పోకండి. బారాకు చింతపండు చట్నీ వేరు: 30 గ్రాముల చింతపండు గుజ్జు, రెండు పెద్ద చెంచాల బెల్లం, వేయించి దంచిన జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు, రెండు మిరపకాయలు, ఉప్పు. ఐదు నిమిషాలు ఉడికించి, పోసుకునేంత పలచగా చేసి, బారాను చీల్చి మధ్యలో పోయడమే. తాలింపు లేదు.

మిగిలిన బారాలు గుడ్డలో చుట్టి ఉంచితే మర్నాడు కూడా బాగుంటాయి, పెనం మీద కాస్త వెచ్చబెడితే చాలు. మోక్సి అలేసి మాత్రం కొబ్బరిపాల వంట, ఎండాకాలం రాత్రికే జిగురు వచ్చేస్తుంది. దాన్ని చద్దన్నంలా నీళ్ళు పోసి ఉంచకండి, ఏ పూటకు ఆ పూటే తినేయాలి.